కాఫీ షాప్‌లో కలిసిన చుట్టరికం

మొన్న శనివారం మా అమ్మాయి ఇంటర్వ్యూ ఎంత బాగా జరిగిందో, దాన్ని నేను ఎంత చక్కగా చెడగొట్టానో వినండి.

సహస్ర ట్వెల్త్ గ్రేడ్. అప్లై చేసిన కాలేజీల్లో దాని ప్రాణమంతా ఒక్కదాని మీదే ఉంది. ఆ కాలేజీ వాళ్ళు, తమ దగ్గర చదివి వెళ్ళినవాళ్ళతో పిల్లల్ని ఇంటర్వ్యూ చేయించి, ఆ రిపోర్ట్ కూడా చూస్తారు. మాకు పడినమ్మాయి పేరు అనూష. ముప్పై కూడా ఉండవు, మా ఊరు నేపర్‌విల్‌లోనే ఉద్యోగం. కాఫీ షాప్‌కి రమ్మంది. కార్‌లోంచి కదలొద్దని సహస్ర నాకు మరీ మరీ చెప్పింది.

కదల్లేదు. కానీ అరగంటన్నది గంటయింది, చలికి కాళ్ళు కొయ్యబారాయి. కాఫీ కోసం లోపలికెళ్ళాను. ఇద్దరూ నవ్వుకుంటున్నారు. కాలేజీ గురించి ఇంత మంచి ప్రశ్నలు తననెవరూ అడగలేదని, రిపోర్ట్ ఇవాళే పంపిస్తానని అనూష చెప్పింది. థాంక్యూ చెప్పి వచ్చేయొచ్చు కదా!

"మీదే ఊరమ్మా?" అన్నాను.

పుట్టింది ఇక్కడేనట, అమ్మావాళ్ళది తెనాలి. తెనాలి అన్నాక నన్నాపేదెవరు? తాతగారి పేరడిగాను, ఇంటిపేరడిగాను. మా పెదనాన్నగారి కోడలు, అంటే మా వదిన, ఈ అమ్మాయికి సొంత పిన్ని! అక్కడికక్కడే వదినకి వీడియో కాల్ కలిపాను. అక్క కూతుర్ని చూసి వదిన మురిసిపోయింది. సహస్ర నా మోచెయ్యి గిల్లింది. సంతోషం పట్టలేక అనుకున్నాను.

ఫోన్ పెట్టాక అనూష మెల్లగా అంది: "సో, మీరు నాకు బాబాయ్ అవుతారు. రిలేటివ్స్‌ని మేము ఇంటర్వ్యూ చేయకూడదు బాబాయ్. కాలేజ్‌కి చెప్పాలి నేను."

"అబ్బే, దూరపు చుట్టరికమేనమ్మా" అన్నాను. అంతకుముందే మనం సొంతవాళ్ళమని షాపంతా వినేలా చెప్పినవాణ్ణి కూడా నేనే.

రిపోర్ట్ ఆగిపోయింది. ఇంటికొచ్చేటప్పుడు సహస్ర నా పక్కన కాకుండా వెనక సీట్లో కూర్చుంది. తిట్టినా బాగుండేది. నాకు నిజంగానే తల కొట్టేసినట్టయింది.

కాలేజీ వాళ్ళు దయతలచి ఇంకొకాయన్ని ఇచ్చారు. ఇవాళే, జూమ్‌లో. కమ్మింగ్ అనే ఊళ్ళో ఉంటాడట, పేరు చూస్తే ఆయనా తెలుగాయనే. అది పూర్తయ్యేదాకా నేను ఇంటి చుట్టుపక్కల కనిపించకూడదని మా అమ్మాయి ఆర్డర్. అందుకే ఇండియన్ స్టోర్ పార్కింగ్‌లో కూర్చుని మీకు ఫోన్ చేశాను.

ఒక్క నిమిషం. పక్క కార్‌లో ఎవరో మనవాళ్ళలాగే ఉన్నారు. ఏ ఊరో కనుక్కుని మళ్ళీ చేస్తాను.