ఐజాక్ ఒంట్లో ఉప్పు

మొగల్తూరు దిగువన బంగార్రాజు గారి రొయ్యల చెరువులకు ఐజాక్ ఇరవై రెండేళ్లుగా కాపలాదారు, వైద్యుడు, కొంతవరకు విధాత. చెరువు నీళ్లు నాలుక మీద వేసుకుని ఉప్పెంతో చెప్పేవాడు. మీటరు తరవాత వచ్చి ఆయనతో ఏకీభవించేది. ఎండలకు ఉప్పు పెరిగి రొయ్య నీరసిస్తే ఆయన మందు ఒక్కటే: బోరు మోటారు వేసి మంచినీళ్లు పెట్టడం.

ఆ మందే తనకూ వేసుకున్నాడు. మార్చిలో తలబరువు, వికారం మొదలయ్యాయి. "ఒంట్లో ఉప్పెక్కువైందే," అని భార్య ప్రిస్కిల్లాకు తీర్పు వినిపించి, కూరలో ఉప్పు మాన్పించాడు. రోజుకు ఆరు లీటర్ల నీళ్లు తాగాలని సంకల్పించి, దీక్షగా పాటించాడు.

నాలుగో రోజుకు ప్రిస్కిల్లాకు భయం పట్టుకుంది. మొగుడు తాగేది బిందెడు, బయటికి పోసేది చెంబెడైనా లేదు.

"తాగిన నీళ్లన్నీ ఎక్కడికి పోతున్నాయండీ?"

"ఒళ్లు పీల్చుకుంటోందే. ఎండలు చూడు."

"మూడ్రోజుల్నుంచి మంచం దిగలేదు, మీకు ఎండేంటండీ?"

ఆరో రోజు పొద్దున ఆయన ఆమెను చనిపోయిన తన అక్క పేరుతో పిలిచాడు. ఆమె తిరిగి చూస్తే నవ్వాడు కూడా. ప్రిస్కిల్లా ఇంకేమీ అడగకుండా ఆటో పిలిచింది.

భీమవరం ఆసుపత్రిలో రక్తం తీశారు. నూట ముప్పై ఐదుకు తగ్గకూడని సోడియం నూట పద్నాలుగుంది. ఉప్పు సెలైను చుక్కచుక్కగా ఎక్కించాక, రెండో రోజుకు మనిషి భార్యను భార్యగా గుర్తుపట్టాడు.

"మీకు ఉప్పు ఎక్కువ కాలేదండి, నీళ్లెక్కువై పలచబడింది," అంది డాక్టరు సత్యశ్రీ. "మెదడు దగ్గర్నుంచి వాసోప్రెసిన్ అని ఒక హార్మోను వస్తుంది. నీళ్లు వదలొద్దని కిడ్నీకి చెప్పేది అదే. ఒంట్లో నీళ్లు చాలినప్పుడు అది తగ్గాలి. మీకు తగ్గట్లేదు."

"అంటే, తూము మూసేసి మోటారు వేశానంటారు." ఐజాక్ నవ్వాడు.

"అచ్చంగా అంతేనండి." డాక్టరు నవ్వలేదు.

"మరి ఎందుకు తగ్గట్లేదండీ?" అడిగింది ప్రిస్కిల్లా.

డాక్టరు ఎక్స్‌రేను కిటికీ వెలుగుకు పట్టింది. కుడి ఊపిరితిత్తిలో నిమ్మకాయంత తెల్లటి మచ్చ.

"కొన్ని గడ్డలు ఆ హార్మోనును సొంతంగా తయారు చేసుకుంటాయండి. ఒంట్లో నీళ్లు ఎంతున్నా వాటికి పట్టదు. ఇది అలాంటిదో కాదో రేపు స్కాన్ చేసి, ముక్క తీసి చూడాలి. అప్పటిదాకా రోజుకు లీటరుకు మించి ఇవ్వకండి."

సాయంత్రానికి ఐజాక్‌కు నాలుక పిడచకట్టింది.

"ఒక్క గుక్కేనే."

"ప్రార్థన అయ్యాక ఇస్తానండి."

"అయితే ప్రార్థన ఇప్పుడే చేసేద్దాం."

ప్రిస్కిల్లా కళ్లు మూసుకోలేదు. సీసాను ఒళ్లో పెట్టుకుని రెండు చేతులా పట్టుకుంది. ఆ రోజు లీటరులో మిగిలింది అందులోని పావు లీటరే. స్కాన్‌కు ఇంకా పద్నాలుగు గంటలుంది.