విమలకుమారి ఆంటీ చూడని కొండలు

మా చర్చి విమలకుమారి ఆంటీది చీరాల దగ్గర సముద్రపు ఊరు. ఎటు చూసినా చదునైన నేల. అమెరికాలో, అరిజోనాలోని చాండ్లర్ వచ్చాక ఒక హోటల్ లాండ్రీలో ఏళ్ళ తరబడి దుప్పట్లు మడత పెట్టారు. డ్రైవింగ్ రాదు. కూతురు షారన్ కొండలమీది ఫ్లాగ్‌స్టాఫ్ ఊళ్ళో నర్సు కాబట్టి, నెలనెలా బస్సులో వెళ్ళొస్తారు.

ఇప్పుడు షారన్‌కి టెక్సస్‌లోని ప్లేనోలో ఉద్యోగం దొరికింది. ఆంటీ కూడా అటునుంచి అటే కూతురితో వెళ్ళిపోతున్నారు. సామాను ఎక్కువని నన్ను తోడు రమ్మన్నారు.

"దారి ఎలా ఉంటుంది ఆంటీ?" అనడిగాను.

"భయంగా ఉంటుంది."

"చూడ్డానికి?"

"చూస్తే కదా చెప్పడానికి!"

ఊళ్ళు అయిపోయి బస్సు కొండెక్కడం మొదలెట్టగానే కొంగు తలమీదికి లాక్కుని, కళ్ళు గట్టిగా మూసుకుని ప్రార్థనలో పడ్డారు. ఇన్నేళ్ళుగా అంతేనట. దిగాకే ఆమేన్.

నేను కిటికీ దగ్గర ఉన్నాను. బస్సు ఒక మలుపు తిరిగింది. కొండ వాలంతా నిలువెత్తు కాక్టస్‌లు. వందలు, వేలు. అన్నీ చేతులు పైకెత్తి నిలబడి ఉన్నాయి. కింద లోయ, దాని వెనక నీలం కొండలు, వాటి వెనక ఇంకా లేత నీలం కొండలు. ఇంత పెద్ద చోటు ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. ఇంటర్‌లో మానేసిన చదువు పూర్తిచేసినా, ఇది పుస్తకంలో పట్టేది కాదు.

ఆంటీ మళ్ళీ ఈ దారిన రారు. ప్రార్థనలో ఉన్న మనిషిని కదపకూడదని మా ఇంట్లో గట్టిగా నేర్పారు. అయినా నాలుగైదుసార్లు చెయ్యి చాపి వెనక్కి తీసుకుని, చివరికి ఆమె మణికట్టు పట్టుకున్నాను.

"ఊరొచ్చిందా?"

"లేదాంటీ. ఒక్కసారి చూడండి."

"ఇప్పుడా? ప్రార్థన తెగిపోతుందే పిల్లా!"

"కళ్ళు తెరిచే చేయండి. ఆ కొండలూ ఆయన చేసినవే కదా."

నేనే ఆ మాట అన్నానా అనిపించింది. సిగ్గుతో తల దించుకున్నాను.

ఆంటీ ముందు ఒక కన్ను తెరిచారు. తర్వాత రెండోది. కొంగు జారిపోయింది, సర్దుకోలేదు.

"వీళ్ళంతా నాకంటే ముందే ప్రార్థనకి లేచి నిలబడ్డారే!" అన్నారు నెమ్మదిగా.

పెదాలు కదులుతున్నాయి. నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నారంటే, భయం పోలేదని తెలుస్తూనే ఉంది. కళ్ళు మాత్రం మూయలేదు.

"ఏయ్, లే. ఆ సీటు నాకివ్వు."

కాక్టస్‌లు పోయి పచ్చిక వచ్చింది. పచ్చిక పోయి పైన్ చెట్ల అడవి వచ్చింది. దూరంగా మంచు కొండ లేచింది. ఆంటీ నుదురు అద్దానికి ఆనించి అలాగే ఉండిపోయారు.

ఫ్లాగ్‌స్టాఫ్‌లో షారన్ ఎదురొచ్చి నవ్వింది. "మమ్మీ, ఇవాళ ఎన్ని మలుపులకి ఎన్ని ప్రార్థనలు?"

"ఒక్కటేనే," అన్నారు ఆంటీ, ఇంకా ఆ కొండవైపే చూస్తూ. "ఆమేన్ ఇంకా చెప్పలేదు."