ఓడ కెప్టెనుకు సిఫారసు ఉత్తరం

రొంపిచెర్ల ప్రభాకరరావుకు ఏ పని జరగాలన్నా ఒక నాయకుడి లెటర్‌హెడ్డు కావాలి. పొలానికి కరెంటు స్తంభం, ఆసుపత్రిలో మంచం, మేనల్లుడి బదిలీ, అన్నీ ఆయన అలాగే సాధించాడు. కూతురు ఝాన్సీలక్ష్మి ఓడలో డెక్ క్యాడెట్‌గా, అంటే ఓడ నడిపే అధికారి శిక్షణకు, చేరిన పదమూడో రోజున ఆయన మా ఇంటికి వచ్చి, కెప్టెనుకు ఇంగ్లీషులో ఒక ఉత్తరం రాసిపెట్టమన్నప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. ఒళ్లు మాత్రం మండింది.

ఝాన్సీ ఆరు నుంచి పది వరకు నా దగ్గర చదివింది. మిరప కళ్లాల మధ్య పెరిగిన పిల్ల. ఎనిమిదో తరగతిలో సూర్యలంక బీచికి తీసుకుపోతే, తక్కిన పిల్లలు నీళ్లలో గెంతుతూ ఉండగా ఈమె ఒడ్డున నిలబడి, దూరాన కదిలే ఓడను చూస్తూ, "అక్కడ రోడ్డు లేదు గదా టీచర్, దారెట్టా తెలుస్తది వాళ్లకి?" అని అడిగింది. నాకు తెలియదన్నాను. ఆ జవాబు వెదుక్కుంటూనే చెన్నైలో శిక్షణకు వెళ్లింది. ఏడాదిన్నర ఓడలో పనిచేసి, ఆ పనిని కెప్టెన్లు ధ్రువీకరిస్తేనే అధికారి పరీక్షకు కూర్చోగలదు. మధ్యలో ఇంటికి పంపారంటే మరొక కంపెనీ తీసుకోవడం కష్టం. ఇదంతా తండ్రికి రెండుసార్లు విడమరచి చెప్పాను.

"తెలుసు టీచరుగారూ, అందుకేగా లెటరు! ఎండలో తుప్పు గీకిస్తన్నారంట. స్తంభాలెక్కిస్తన్నారంట. మన మిరప కోతకొచ్చే కూలోళ్లే నయం."

"అది ఆమె పని, ప్రభాకరరావు."

"పనే, కాదన్లా. కొంచెం చూసుకోండయ్యా అంటే తప్పేంది? ఓడైతే ఏంది, దానికీ ఒక ఆఫీసరున్నాడుగా!"

"ఓడ మండలాఫీసు కాదయ్యా."

"అట్టాగేలెండి," అని తల ఊపి, కాఫీ తాగి వెళ్లిపోయాడు.

ఆయన తల ఊపడం ఒప్పుకోవడం కాదని ఎన్నేళ్లుగానో తెలిసి కూడా నమ్మాను. మర్నాడే నరసరావుపేటలో టైపు చేయించి, ఒక నాయకుడి చేత సంతకం పెట్టించి, ముద్ర వేయించి, చెన్నైలోని కంపెనీకి పంపాడు. వారు దానిని యథాతథంగా ఓడకు మెయిలు చేశారు. అమ్మాయి మండలంలో పలుకుబడి గల కుటుంబానికి చెందినదనీ, ఎత్తులెక్కే పని, ఎండ పని చెప్పరాదనీ, ఆఫీసు పని ఇప్పించి రోజూ పెరుగన్నం అందేలా చూడవలెననీ దాని సారాంశం.

ఆ తరువాత జరిగినది ఝాన్సీ ఫోనులో చెప్పింది. కెప్టెను ఆమెను పిలిచి ఆ కాగితం చేతికిచ్చాడట. కోప్పడలేదట, కోప్పడినా బాగుండేదట. "ఎత్తులెక్కని క్యాడెట్‌తో నాకు పనిలేదు. ఇది నీ మాటే అయితే సింగపూరులో దిగిపో. నాలుగు రోజులుంది," అన్నాడట.

"నువ్వేమన్నావు?"

"మా నాన్నకి చెప్పి, ఆ లెటరు చెల్లదని ఇంకో లెటరు పంపిస్తానన్నా టీచర్."

నేను నుదురు కొట్టుకున్నాను. తండ్రిని అనవలసిన పని లేదు; అచ్చంగా ఆయన బిడ్డే.

"దానికి కెప్టెనేమన్నాడు?"

"ఓడలో పనిచేసేది నువ్వా, మీ నాన్నా అని అడిగి పొమ్మన్నాడు. టీచర్, ఆ రెండో లెటరు మీరు రాసి నాన్నకిస్తే..."

"ఇవ్వను. నీ గురించి నువ్వు ఎప్పుడైనా ఒక కాగితం రాసుకున్నావా?"

"లేదు టీచర్. అప్లికేషన్లన్నీ నాన్నే నింపాడు. వేలు పెట్టి చూపించినకాడ సంతకం చేశా."

"ఎంత బాగుంది!"

"ఏం రాయమంటారు చెప్పండి, అదే రాస్తా."

"నన్ను అడిగితే అది నా ఉత్తరమవుతుంది," అని ఫోను పెట్టేశాను. పెట్టేసిన క్షణం నుంచి, అంత కటువుగా మాట్లాడకపోతే పోయేదేముందని నన్ను నేనే తిట్టుకుంటూ కూర్చున్నాను.

అయిదో రోజున ప్రభాకరరావు మళ్లీ వచ్చాడు, ఈసారి భార్య వెంకటరమణమ్మతో సహా. కెప్టెను దిగిపొమ్మన్న సంగతి చెప్పి, కూతురు అతనికి ఇచ్చిన కాగితాన్ని ఫొటో తీసి తండ్రికి పంపింది. నాలుగే వాక్యాలు. నాన్నగారి ఉత్తరం తన అనుమతి లేకుండా వెళ్లిందనీ, అందులోని ఏ కోరికా తనది కాదనీ, తోటి క్యాడెట్లకు చెప్పే ప్రతి పనీ తనకూ చెప్పమనీ, ఇకపై తన గురించి తానే మాట్లాడతాననీ రాసింది.

"అనుమతంట! కన్నోడికి అనుమతేంది టీచరుగారూ?"

"ఊళ్లో అందరికీ లెటర్లు రాయిస్తివి. ఇయ్యాల నీ మీదే ఒకటి వచ్చింది. కూర్చో," అంది వెంకటరమణమ్మ.

ఆయన కూర్చోలేదు. "ఇంతకీ దించేశారా, ఉంచుకున్నారా? నిన్నే సింగపూరు చేరాలంట. ఫోనెత్తదే!"

మళ్లీ కలిపాడు. ఈసారి ఎత్తింది. గాలిహోరు మా హాలంతా నిండింది.

"ఏమే ఝాన్సీ, దిగావా?"

"దిగలా నాన్నా. నిన్న క్రేను పైకెక్కి దీపం మార్చి వచ్చా. సగంలో భయమేసి ఆగి, మళ్లీ ఎక్కా. దిగేవాళ్ల లిస్టులో నా పేరు కొట్టేశారు."

"క్రేనా? ఎంత ఎత్తే అది? ఆ కెప్టెన్ని ఒకసారి ఇటివ్వు, నేను..."

"ఇవ్వను నాన్నా. డ్యూటీకి పోవాలి, ఉంటా."

ఆయన ఫోనును చెవి దగ్గర్నుంచి తీసి, తిప్పి తిప్పి చూశాడు.

"పెట్టేసింది టీచరుగారూ," అన్నాడు.

"డ్యూటీ అంటే పెట్టేయదా మరి," అని వెంకటరమణమ్మ కుర్చీ ఆయన దగ్గరకు జరిపింది.