కొత్త చక్రానికి బొట్టు

నా చిన్నప్పుడు మా నాన్న మోపెడ్ వస్తుంటే ముందు వాసన వచ్చేది, తర్వాత చప్పుడు, ఆఖరున నాన్న. సముద్రపొడ్డున ఉన్న మా పల్లెలో చేపల గంప వెనక కట్టుకుని, కోవూరు దాకా వీధివీధీ తిరిగి అమ్మేవాడు. గంపలోంచి కారే ఉప్పునీళ్లకు బండి ఇనుమంతా అప్పడంలా పెళుసైపోయేది. నెలకోసారైనా రిపేరు తప్పదు. ఆ కంపుకు ఏ మెకానిక్కూ మా బండిని షాపు గడప తొక్కనిచ్చేవాడు కాదు. కోవూరులో ఒకే ఒకాయన ముక్కుకు గుడ్డ కట్టుకుని చేసేవాడు. ఆయన కూడా కాదంటే మా ఇంట్లో పొయ్యి వెలగదు.

సరిగ్గా ఆయన మీదే మా అవ్వకు అనుమానం. సామాన్లేవీ మార్చడని, పాతవాటినే కిరసనాయిలుతో తుడిచి కొత్తవని బిగిస్తాడని, పైగా దానికి కూలి కూడా గుంజుతాడని ఆమె నమ్మకం. నాన్న ఎంత చెప్పినా వినేది కాదు.

ఒకసారి దసరా అయిన వారానికే చైను తెగి బండి షాపులో పడింది. మర్నాడు అవ్వ చేపల గంప పట్టుకుని, నేను అవ్వ కొంగు పట్టుకుని బస్సులో కోవూరు వెళ్లాం. అప్పటికే నేను బడికి దండం పెట్టేశాను కాబట్టి తీరికకు లోటు లేదు. "ఇప్పుడే పట్టిన చేపలమ్మా!" అని వీధి పొడుగునా అరుస్తూ అవ్వ సగం గంప అమ్మింది. షాపుకు వెళ్లేసరికి నాన్న అక్కడే ఉన్నాడు. చైనూ, వెనక పళ్లచక్రమూ కొత్తవి వేశానని మెకానిక్ బిల్లు చెప్పాడు.

నేను వంగి చూశాను. చక్రం మీద కుంకుమ బొట్టు! దసరా పూజనాడు భరిణె ఖాళీ అయ్యేదాకా బండిలో కనిపించిన ఇనుమునల్లా ముత్తయిదువను చేసింది నేనే. ఇంకేం, షాపు అదిరేలా "అవ్వా, దొంగ దొరికినాడు!" అని అరిచాను.

అవ్వ గంప దించింది. "కొత్తదానికి బొట్టెవరు పెట్టినారయ్యా? పుట్టింట్లోనే పెట్టి సాగనంపినారా?" అని చెయ్యి తిప్పింది. పక్కన టీ తాగేవాళ్లంతా గ్లాసులతో సహా వచ్చి చుట్టూ చేరారు. నాన్న అవ్వ మోచెయ్యి పట్టి వెనక్కి లాగాడు.

మెకానిక్ చేతులు తుడుచుకుని, అటక మీది రేకుపెట్టె దించి మూత తీశాడు. లోపల బేరింగులు, ప్లగ్గులు, బల్బులు అన్నీ బొట్లు పెట్టుకుని పేరంటానికి వచ్చినట్టు కూర్చున్నాయి. దసరాకు షాపులోని సరుకంతటికీ వాళ్లావిడ పెట్టిందట. తర్వాత చెత్తడబ్బాలోంచి మా పాత చక్రం తీసి అవ్వ చేతిలో పెట్టాడు. దానికి మిగిలిన పళ్లు అవ్వకు మిగిలిన వాటికన్నా తక్కువ. పక్కన వంకరగా నా బొట్టు.

అప్పుడాయన మెల్లగా అడిగాడు. "అవ్వా, ఈ చేపలు ఎప్పుడు పట్టినవి?"

అవ్వ గంప వంక చూసింది, నాన్న వంక చూసింది. బండి లేక ముందురోజు అమ్ముడుపోని చేపలవి.

"నిన్నటివి నాయనా. నీళ్లు చల్లినాను."

"అదీ సంగతి. నీ గంపలో చెయ్యి పెట్టి, నా పెట్టెలో ఏముందో చెప్పినావు."

అందరికన్నా ముందు నవ్వింది అవ్వే. ఆయన మాత్రం కూలిలో పైసా తగ్గించలేదు. బండి నాన్నకిస్తూ, "గంప కింద రేకు కొట్టించుకో అన్నా, చైను మీద నీళ్లు పడవు, నెలనెలా నా దగ్గరికొచ్చే పని తప్పుతాది" అన్నాడు. ఇక మా బండి తేవద్దంటాడేమోనని అంతవరకూ బిగబట్టిన ఊపిరి నాన్న అప్పుడు వదిలాడు.

ఇప్పుడు నాకు ఆ అవ్వ వయసొచ్చింది. మనవడి బండి రిపేరు బిల్లు చూస్తే ఇప్పటికీ నాలుక దురద పెడుతుంది. కానీ నోరు తెరిచే ముందు, ఆ షాపులో నేను కూర్చుని ఉంటే ఎంత గుంజేదాన్నో ఒకసారి లెక్క వేసుకుంటాను. అది ఎప్పుడూ బిల్లుకన్నా ఎక్కువే తేలుతుంది. మాట్లాడకుండా ఇచ్చేస్తాను.