చూడీలల్ల పసుపు

ఇప్పటికి కండ్లు మూస్తే మా రాజురా పత్తి ప్రెస్సే కనవడ్తది. గాలంత తెల్లగ దూది నుసి. కిటికీలకెంచి ఎండ వడితే ఆ నుసి మెల్లగ తేలేది, మనుషులు సుత మబ్బులల్ల నడిచినట్టే ఉండేటోళ్లు. నడుమ నా తొడంత లావు ఇనుప మర, నిలవెట్టిన పెద్ద బోల్టు లెక్క. దూలం వట్టి దాన్ని తిప్పితే కిందికి దిగి పత్తిని గట్టి మూటలు, అంటే గాఠీలు, ఒత్తేది. మర చుట్టు తిరిగే గాట్లను మేం చూడీలంటం.

రాజురా హైద్రాబాద్ రాష్ట్రంలకెంచి బొంబాయి రాష్ట్రంల కలుస్తదని ఖాయమైన ఏడు అది. మా ఉస్తాద్ ముసలాయన, ఉర్దూ తప్ప ఇంకోటి చదువరాదు. కాయితాలు ఇగ మరాఠీల ఉంటయని ప్రెస్సు సేఠు నాగ్‌పూర్ మిస్త్రీని మాట్లాడుకున్నడు. ఉస్తాద్‌ను ఎల్లగొట్టనీకె ఒక్క సాకు కావాలె, గంతే. ఈ సంగతి అందరికి ఎరుకే. ఉస్తాద్‌కు సుత.

ఆయన కింద నేను రెండో మిస్త్రీని. ఇద్దరు పిల్లల తండ్రిని, అయినా బుద్ధి లేదు. దసరా నాడు ఆయుధ పూజకు "బొట్టు చట్రానికి పెట్టు బేటా, చూడీలను ముట్టకు" అన్నడు ఉస్తాద్. నేను వింటనా? నా భక్తి నాది. ఆయన నమాజుకు పోంగనే పసుపు, బియ్యప్పిండి కలిపి చూడీలకు మీదికెంచి కిందిదాంక పూసిన. మర పెండ్లిపిల్ల లెక్క మెరిసింది. నా మొకం మండ!

తెల్లారి సీజన్ల మొదటి గాఠీ. మర సగం దిగి బిగుసుకపోయింది. నలుగురు మొగోళ్లు దూలం వట్టి నూకుతున్నరు.

"ఆగుండ్రి! బలవంతం జేస్తే విరుగుతది" అని ఉస్తాద్ ఒర్రిండు. అరచెయ్యి పెట్టి చూసిండు. "మర వంగితే చుట్టుచుట్టుకు ఒక్కకాన్నే పట్టేస్తది. ఇది దిగినకొద్ది బిగుస్తుంది. లోపల ఏందో ఉన్నది."

గాసనూనె పోసి, ఇంత ఎనకకు, రవ్వంత ముందటికి, మల్ల ఎనకకు. అబ్బ, ఏం ఓపిక! మర పైకొచ్చినంక చూడీల సందుల నూలుదారం చుట్టి గుంజిండు. పిండి, పసుపు, దూది నుసి ముద్దయి దారానికి అంటుకొని వచ్చింది.

దారాన్ని చూసిండు. నా చేతులను చూసిండు. నిన్నటి పసుపు ఇంక పోలే.

దారాన్ని జేబుల పెట్టుకొని, "పో బేటా, చేతులు కడుక్కో" అన్నడు మెల్లగ.

బాయి కాడికి పోయి ఇసుకతోని రుద్దుకొని వచ్చేవరకు సేఠు వచ్చి నిలవడ్డడు. "గల్తీ నాదే సేఠ్. తుడ్వకుంట తిప్పిన" అంటుండు ఉస్తాద్.

"ఇగ రేపట్నుంచి రాకు" అన్నడు సేఠు.

చెప్పాలె, నేను చెప్పాలె. ఇంట్ల పిల్లలు యాదికొచ్చిన్రు. సిగ్గుతోని పాణం పోయినట్టయింది. తడి చేతులతోని గట్లనే నిలవడ్డ.

ఉస్తాద్ తువ్వాల భుజాన ఏసుకొని, ఆ తెల్లటి నుసిలకెంచి దర్వాజ దిక్కు నడిచిండు. నా కాడికొచ్చి ఆగిండు.

"పిల్లలు మంచిగున్నరా?" అని అడిగిండు.

"మంచిగున్నరు ఉస్తాద్" అన్న. గదొక్కటే అన్న.