గురువారం పెట్టిన సంతకం

దయ్యాల మాట ఎత్తితే నవ్వేవాణ్ణి. పదో తరగతితో బడి మానేసినా, నాచారం లైబ్రరీలో సైన్సు పుస్తకాలన్నీ సొంతంగా చదివినవాణ్ణి. ఇది మాత్రం జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

తెలంగాణ రావడానికి నాలుగైదేళ్ల ముందు మాట. మల్లయ్య అనే మాజీ సైనికుడు రోజూ పేపర్ చదవడానికి లైబ్రరీకి వచ్చేవాడు. ఇల్లు లేదు. కొన్నాళ్లు ఉప్పల్ బస్టాండులో, కొన్నాళ్లు మౌలాలి స్టేషన్లో పడుకునేవాడు. ఒకచోట పది రోజులు ఉండేవాడు కాదు.

ఎందుకని అడిగితే, "ఒక్క తాన ఉంటే గుర్తు వడతరు తమ్మీ" అనేవాడు. ఎవరో చెప్పడు. అసలు సైనికుడేనా అని నా అనుమానం.

నవంబరులో, ఒక సోమవారం, పింఛను ఫారం తెచ్చాడు. ఆయన బతికే ఉన్నాడని తెలిసినవాళ్లు ఒకరు సంతకం పెట్టాలి. "నాకు పక్కింటోళ్లు లేరు. నువ్వే పెట్టు. పింఛను ఆగితే జనగామల నా బిడ్డ నర్సింగ్ చదువు ఆగుతది."

నేను చదివిన యుద్ధాల గురించి ప్రశ్నలు వేశాను.

"అవన్నీ నీకే ఎరుక. నాకు యాదికున్నది సలి ఒక్కటే" అన్నాడు.

ఆ జవాబుతో అనుమానం ఇంకా పెరిగింది. సంతకం పెట్టలేదు.

గురువారం ఉదయం పదింటికి మళ్లీ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. మాట్లాడకుండా ఫారం ముందుకు జరిపాడు. నాకే సిగ్గేసింది. సంతకం పెట్టి, పేరు, చిరునామా రాసి, పక్కనున్న పేపర్లో చూసి తేదీ వేశాను. మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

శనివారం ఆ చిరునామా పట్టుకుని ఆయన కూతురు మా గదికి వచ్చింది. చేతిలో అదే ఫారం.

"మా నాయిన మంగళారం మౌలాలి స్టేషన్ల పోయిండు. బుధారం దహనం జేసినం. గురువారం ఎట్ల సంతకం వెట్టినవన్నా? పింఛను తిందామనా?"

నేనూ ఆమెను అనుమానించాను. రైల్వే పోలీసులిచ్చిన కాగితం చూపించింది. ఆయన సంచిలో దొరికిన వస్తువుల జాబితా అది. తేదీ బుధవారం. అందులో 'సంతకం చేసిన పింఛను ఫారం ఒకటి' అని ఉంది.

లైబ్రరీలో జరిగిందంతా చెప్పాను. నమ్మిందో లేదో తెలియదు. కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంటూ, "నా గురించి ఏమన్నా అన్నడా?" అని అడిగింది.

గురువారం ఆయన నోరే విప్పలేదు. "చదువు ఆపొద్దన్నాడమ్మా" అన్నాను.

ఈ మొత్తంలో నేను ఆడిన అబద్ధం అదొక్కటే. మిగతాది ఎలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు.