పుల్లటి నీళ్ల సీసా

మా ఆయన కిడ్నీలోంచి తీసిన రాయి ముక్కను అరచేతిలో పెట్టుకుని చూశాను. ఆవగింజంత ఉంది. గూడ్సు బండి నడిపే మనిషిని నేలమీద పడి దొర్లేలా చేసింది ఇదేనా అని నమ్మబుద్ధి కాలేదు.

"పారీయవే తల్లీ, దాన్నేటి అలా చూస్తావు?" అని ఆయన విసుక్కున్నారు.

జాగ్రత్తగా లేకపోతే మళ్లీ వస్తుందని డాక్టరు ముందే చెప్పారు. మళ్లీ వస్తే లైను మీదికి పంపరేమో, షెడ్డులో ఏదో పని ఇచ్చి కూర్చోబెడతారేమో అని ఆయన దిగులు. ఇంజను తప్ప వేరే పని ఆయనకు రుచించదు. నాకూ ఆ దిగులుంది కానీ, దాంతోపాటు ఇంకో పురుగు తొలుస్తోంది. అసలు రాయి ఎందుకొచ్చినట్టు? ఏదైనా ఎందుకో తెలిసేదాకా నాకు అన్నం సయించదు.

మొదట మా బోరు నీళ్లను అనుమానించాను. రైల్వే క్వార్టర్ వదిలి బిలాస్‌పూర్ శివారు లింగియాడీహ్‌లో ఇల్లు కట్టుకున్నప్పటి నుంచి గిన్నెలన్నిటికీ తెల్లటి పొర పడుతోంది. తర్వాత పాలకూర మీద పడ్డాను. పక్కింటావిడ పెరుగే కారణమని గట్టిగా చెబితే పెరుగు మానిపించాను. పెరుగు లేని కంచం ముందు ఆయన ముఖం వేలాడేసుకుని కూర్చునేవారు. ఇదంతా చెబితే డాక్టరు నవ్వారు. పెరుగు మానొద్దు, పాలకూర తిన్న పూట పెరుగు కూడా తింటేనే మంచిది, తగ్గించాల్సింది ఉప్పు అన్నారు. బోరు నీళ్లయినా సరే, మూత్రం లేత రంగులోకి వచ్చేలా రోజంతా తాగుతూ ఉండాలట. నిమ్మరసం కలిపితే ఇంకా మంచిదట. ఆవకాయ జాడీ అటక మీదికి వెళ్లింది.

పెద్ద సీసా నిండా నీళ్లుపోసి, నిమ్మకాయ పిండి, డ్యూటీ సంచిలో పెట్టడం మొదలుపెట్టాను. ఆయన తిరిగి రాగానే రంగు అడిగేదాన్ని.

"ఎల్లో."

"లేత ఎల్లోనా, ముదురు ఎల్లోనా?"

"సిగ్నల్లో అలాంటివి ఉండవే."

సీసా మాత్రం నిండుగానే తిరిగొచ్చేది. అదేమంటే, తాగేసి స్టేషన్‌లో మళ్లీ నింపేనని చెప్పేవారు. అచ్ఛా అని ఊరుకున్నాను. ఒకరోజు మూత తీసి ఒక గుక్క తాగి చూశాను. నేను పిండిన పులుపు పిండినట్టే ఉంది.

"ఏటండి, నిమ్మరసం నీళ్లు ఏ స్టేషన్ కుళాయిలో వస్తున్నాయండి?" అని నిలదీశాను.

దొరికిపోయిన ముఖం పెట్టారు. "ఇంజన్లో బాత్రూం లేదే. తాగితే ఎక్కడికెళ్లను?"

"బండి ఆగినప్పుడు దిగలేరేటి?"

"దిగొచ్చు. ముందు వాకీటాకీలో స్టేషన్ మాస్టర్‌కీ గార్డుకీ చెప్పాల. దగ్గర్లో సెట్టు ఉన్నోళ్లందరూ వింటారు. ఒంటేలుకెళ్తన్నానని లైనంతా చాటింపేయమంటావా?"

నేనూ డ్రైవరు కూతురినే. రైల్వే క్వార్టర్‌లో పుట్టి పెరిగాను. మా నాన్న డ్యూటీ దిగి వచ్చాక లోపలికి కూడా రాకుండా, పెరట్లో నిలబడి చెంబు మీద చెంబు నీళ్లు తాగేవారు. అమ్మ బిందె నింపి సిద్ధంగా ఉంచేది. ఇంజను వేడికి అంత దాహమేమో అనుకునేదాన్ని. దారి పొడుగునా గొంతు తడుపుకోకుండా వచ్చారని ఇన్నేళ్లకు తెలిసింది. నాన్న కూడా నడుం పట్టుకుని మూలిగేవారు. అన్నిటికీ ఆరా తీసే నేను దానికి మాత్రం ఎందుకని అడగలేదు. ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఎవరిమీద కోపమో తెలియక ఎదురుగా ఉన్న మనిషి మీద విరుచుకుపడ్డాను.

"ఆపరేషన్ బల్ల మీద లేని సిగ్గు వాకీటాకీలో ఏటండి? ఇలాగే ఆపుకుని ఆపుకుని, రేపు షెడ్డులో కూర్చోండి!"

ఆయన సంచి తీసుకుని మర్నాడు డ్యూటీకి వెళ్లారు. తిరిగొచ్చాక సీసాను వంటగట్టు మీద పెట్టారు. ఖాళీగా ఉంది. నేను అనుమానంగా చూశాను.

"పారబోయలేదే తల్లీ, తాగేను," అన్నారు.

ఎక్స్‌ప్రెస్‌కి దారివ్వడానికి ఆయన బొగ్గు బండిని చిన్న స్టేషన్‌లో పక్క లైనులో నిలిపారట. సెట్టు చేతిలోకి తీసుకుని పెట్టేశారట. మళ్లీ తీసుకుని, బాత్రూంకి వెళ్లాలని హిందీలో గబగబా చెప్పేశారట. విన్నవాళ్లందరూ నవ్వుకుంటున్నారని చెవులు వేడెక్కాయట. అప్పుడు బండికి ఆ చివర నుంచి గార్డు గొంతు వినిపించింది: "సర్, ముఝే భీ జానా హై."

"బిలాస్‌పూర్ వదిలిన కాడ్నుంచీ ఆపుకున్నాడట పాపం," అన్నారు మా ఆయన. "నేనెప్పుడు అడుగుతానా అని చూస్తున్నాడట."